జనవరి సగటు ఎంత? కొన్నేళ్ల డేటాకు నెలవారీ సగటు ఏ లెక్కన తీయాలి

"ఏమప్పా, జనవరిలో మనకి సగటున ఎంతొస్తాది?"

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే ఒక ఓనరు నన్ను అడిగిన ప్రశ్న ఇది. పై అంతస్తు గదులన్నిటికీ ఇప్పుడే ఏసీలు పెట్టించాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ఆయన ఆలోచన. ప్రశ్న చిన్నదే, కానీ ఆయన టేబుల్ మీద అప్పటికే మూడు జవాబులు ఉన్నాయి. మేనేజర్ ఎక్సెల్‌లో తీసింది ఒకటి, ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చింది ఒకటి, నేను పవర్ బీఐలో (రిపోర్టులు కట్టే మైక్రోసాఫ్ట్ టూల్) కట్టిన డాష్‌బోర్డులో కనిపించేది ఒకటి. మూడింటికీ పొంతన లేదు. డేటా మాత్రం ఒకటే, రిసెప్షన్‌లో కొట్టిన బిల్లులే.

కూర్చుని చూస్తే కూడికలో ఎవరూ తప్పు చేయలేదు. మొత్తం అందరికీ ఒకటే వచ్చింది. భాగించిన అంకె దగ్గరే దారులు విడిపోయాయి. మేనేజర్ బిల్లుల సంఖ్యతో భాగించారు, ఆడిటర్ ఆఫీసు వాళ్లు క్యాలెండర్‌లో ఉన్న ఏళ్లతో భాగించారు, నేను డేటా ఉన్న నెలలతో భాగించాను. అందుకే ఎవరైనా కొన్నేళ్ల నెలవారీ సగటు కావాలని అడిగితే ఇప్పుడు నేను ఫార్ములా జోలికి వెళ్లకముందే ఒక కాగితం మీద హారం ఏమిటో రాసుకుంటాను. ఏ టూల్ వాడాలన్నది ఆ తర్వాతి సంగతి.

మూసి ఉన్న నెలను ఏం చేయాలి

ఓనరు అసలు అంకెలు బయట పెట్టలేను కాబట్టి లెక్క సులువుగా తేలేలా అంకెలు నేనే వేస్తున్నాను. ఒక లాడ్జికి ఏప్రిల్ నెల కలెక్షన్ ఇలా ఉందనుకోండి: 2019లో 18 లక్షలు, 2020లో సున్నా, 2021లో 6 లక్షలు, 2022లో 16 లక్షలు, 2023లో 20 లక్షలు. మొత్తం 60 లక్షలు.

ఐదేళ్లతో భాగిస్తే ఏప్రిల్ సగటు 12 లక్షలు. 2020 తీసేసి నాలుగుతో భాగిస్తే 15 లక్షలు. 2020, 2021 రెండూ తీసేసి మూడుతో భాగిస్తే 18 లక్షలు. ఐదు అంకెలనూ వరుసలో పేర్చి నడిమిది తీసుకుంటే, అంటే మీడియన్ చూస్తే, 16 లక్షలు. ఒకే నెలకు నాలుగు జవాబులు, నాలుగూ లెక్కప్రకారం సరైనవే.

2020 మార్చి 20 నుంచి జూన్ రెండో వారం దాకా తిరుమలలో భక్తులకు దర్శనం లేదు. ఆ ఏప్రిల్‌లో తిరుపతి లాడ్జికి కలెక్షన్ లేకపోవడం వ్యాపారం బాగాలేక కాదు, అసలు వ్యాపారమే జరగలేదు. అలాంటి నెలను సున్నాగా లెక్కలోకి తెస్తే, రాబోయే ఏప్రిల్‌కు ఎంత సరుకు, ఎంతమంది పనివాళ్లు కావాలో చెప్పడానికి ఆ సగటు పనికిరాదు. అలాగని బ్యాంకు లోన్ కోసం ఐదేళ్లలో నిజంగా నెలకు ఎంత చేతికొచ్చిందో చూపించాల్సి వస్తే, ఆ సున్నాను దాచడం తప్పు. అద్దె కట్టిన నెలే కదా అది. ప్లానింగ్‌కు ఖాళీ, జరిగిన దాని లెక్కకు సున్నా అన్నది నేను పెట్టుకున్న నియమం.

ఈ తేడాను టూల్స్ మన కోసం ఆలోచించవు. ఎక్సెల్‌లో ఏవరేజ్ ఫంక్షన్ ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నా ఉన్న గడిని లెక్కపెడుతుంది. పవర్ బీఐలో సగటు తీసే ఏవరేజ్‌ఎక్స్ ఫంక్షన్ కూడా అంతే. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో, నెలవారీగా గుంపులు కట్టే గ్రూప్ బై, బిల్లులే లేని నెలకు వరుసే ఇవ్వదు, కాబట్టి ఆ నెల సగటులోకి రానే రాదు. సున్నాగా రావాలంటే క్యాలెండర్ టేబుల్ (ప్రతి తేదీకీ ఒక వరుస ఉండే పట్టిక) ముందు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేసి, అంటే బిల్లు లేని తేదీలు కూడా పోకుండా బిల్లులను దానికి కలిపి, ఖాళీని సున్నాగా మార్చాలి. పవర్ బీఐలో చాలామంది మెజర్ (లెక్క కోసం రాసుకునే ఫార్ములా) చివర సున్నా కూడతారు. అలా చేస్తే పాత ఖాళీలతో పాటు క్యాలెండర్‌లో ఉన్న రాబోయే నెలలు కూడా సున్నాలైపోయి సగటును కిందికి లాగుతాయి. ఏడాది మధ్యలో డిసెంబర్ సగటు ఉన్నట్టుండి పడిపోయిందని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

జరుగుతున్న నెల కూడా ఇలాంటిదే. 12వ తేదీన రిపోర్టు తెరిస్తే ఈ నెలకు 11 రోజుల కలెక్షనే ఉంటుంది. దాన్ని నిండు నెలల పక్కన పెట్టి సగటు తీయకూడదు. క్యాలెండర్ టేబుల్‌లో "నెల ముగిసింది" అని ఒక కాలమ్ పెట్టి, ముగిసిన నెలలే సగటులోకి వచ్చేలా చేయండి. ఐదు నిమిషాల పని, ఏళ్ల తరబడి గొడవ తప్పుతుంది.

రోజు సగటా, నెల సగటా

మా మేనేజర్ చేసింది చాలా ఆఫీసుల్లో జరిగేదే. పివట్ టేబుల్‌లో (డేటాను గుంపులుగా కట్టి చూపే ఎక్సెల్ పట్టిక) నెలను వరుసల్లో పెట్టి, కలెక్షన్‌ను కింద వేసి, సమ్ స్థానంలో ఏవరేజ్ ఎంచుకున్నారు. డేటాలో ఒక్కో వరుస ఒక్కో బిల్లు. కాబట్టి వచ్చింది జనవరి నెల సగటు కాదు, జనవరిలో ఒక బిల్లు సగటు. 1,450 రూపాయలు అని వచ్చేసరికి ఆయనకే అనుమానం వచ్చి దాన్ని 31తో గుణించారు. అక్కడితో అది ఎవరికీ అర్థంకాని అంకె అయిపోయింది.

నెల సగటు అంటే రెండు మెట్ల లెక్క. ముందు ఒక్కో ఏడాదిలో ఆ నెల మొత్తం కట్టాలి, తర్వాత ఆ మొత్తాలకు సగటు తీయాలి. ఎక్సెల్‌లో అయితే పివట్‌లో ఏళ్లు వరుసలుగా, నెలలు నిలువుగా పెట్టి సమ్ చూపించి, కింద మామూలు ఏవరేజ్ వేసుకుంటే చాలు. నాలుగైదేళ్ల డేటా, ఒకే లాడ్జి, నెలకోసారి చూసుకునే రిపోర్టు అయితే నేను పవర్ బీఐ కొనమని ఎవరికీ చెప్పను. ఈ ఎక్సెల్ షీటే సరిపోతుంది, ఓనరు తనే తెరిచి చూసుకోగలరు.

రోజు సగటు కూడా చెడ్డదేమీ కాదు, దాని ప్రశ్న వేరు. ఫిబ్రవరికి 28 రోజులు, 2024లో 29. మార్చికి 31. నెల మొత్తాలు పక్కపక్కన పెడితే ఫిబ్రవరి ఎప్పుడూ డల్‌గానే కనిపిస్తుంది. వంటగదికి రోజుకు ఎన్ని లీటర్ల పాలు తెప్పించాలి, ఏ నెలలో ఎంతమందిని డ్యూటీలో ఉంచాలి అన్నప్పుడు, ఆ నెల కలెక్షన్‌ను ఆ నెలలో లాడ్జి తెరిచి ఉన్న రోజులతో భాగించిన అంకే ఉపయోగం. డబ్బు చేతికి ఎంతొస్తుందన్నప్పుడు నెల మొత్తాల సగటు.

శాతాలకు సగటు తీయొద్దు

ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేనే ఈ తప్పు చేసి ఒకరికి తప్పుడు అంకె ఇచ్చాను.

ఒక లాడ్జిలో 2023 జనవరికి 40 గదులు. ఒక గది ఒక రాత్రికి ఒక రూమ్ నైట్ అనుకుంటే, 31 రోజులకు 1,240 రూమ్ నైట్లు, అందులో 1,116 నిండాయి. ఆక్యుపెన్సీ, అంటే నిండిన వంతు, 90 శాతం. ఆ తర్వాత పైన ఇంకో అంతస్తు కట్టి 60 గదులు చేశారు. 2024 జనవరికి 1,860 రూమ్ నైట్లలో 1,302 నిండాయి, అంటే 70 శాతం. 90నీ 70నీ కూడి రెండుతో భాగిస్తే 80 శాతం. కానీ రెండు జనవరుల్లో మొత్తం ఉన్నవి 3,100 రూమ్ నైట్లు, నిండినవి 2,418. అసలు ఆక్యుపెన్సీ 78 శాతం.

రెండు శాతమే కదా అనిపిస్తుంది. గదుల సంఖ్య ఇంకా ఎక్కువగా మారినా, మూడు నాలుగు బ్రాంచీలను కలిపి చూసినా ఈ తేడా పెరిగిపోతుంది. ఆక్యుపెన్సీ, ఒక్కో గదికి వచ్చిన రేటు, లాభం శాతం లాంటివాటికి పైన ఉన్నదంతా కూడి, కింద ఉన్నదంతా కూడి, ఆఖరున ఒకేసారి భాగించాలి. నెలనెలా శాతాలు కట్టి దాచిన షీటు ఒక్కటే మీ దగ్గర ఉంటే, దాని మీద సగటు తీయకుండా మూలంలోని రూమ్ నైట్ల లెక్కకు వెళ్లండి.

ఇక్కడ చిక్కు ఒకటుంది. డేటాబేస్‌లో నెలవారీ సమ్మరీ టేబుల్ ముందే కట్టిపెట్టుకుంటే రిపోర్టు త్వరగా తెరుచుకుంటుంది, అందరికీ ఒకే అంకె వస్తుంది. కానీ అందులో శాతాలు మాత్రమే దాస్తే వెనక్కి రాలేం. సమ్మరీ కట్టేవాళ్లు పై అంకె, కింది అంకె రెండూ విడివిడిగా దాచాలి. ఒక లాడ్జి డేటాకు సమ్మరీ అవసరమే లేదు. రోజుకు ఒక వరుస చొప్పున పదేళ్లకు మూడు వేల ఆరు వందల పైచిలుకు వరుసలు, ఏ టూలైనా రెప్పపాటులో లెక్కేస్తుంది.

పండగ నెల మారితే

తిరుపతి వ్యాపారాల్లో నెలవారీ సగటుకు అసలు పరీక్ష ఇదే. ఇంగ్లీషు నెలలకు సగటు తీస్తాం, ఇక్కడ రద్దీ మాత్రం పంచాంగం ప్రకారం నడుస్తుంది.

వైకుంఠ ఏకాదశి 2022లో జనవరి 13న వచ్చింది. 2023లో రెండుసార్లు, జనవరి 2న, మళ్లీ డిసెంబర్ 23న. 2024 క్యాలెండర్‌లో అసలు లేదు. 2025లో మళ్లీ రెండు, జనవరి 10న, డిసెంబర్ 30న. వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు ఉంటోంది కాబట్టి, ఆ పది రోజులూ ఏ నెలలో పడితే ఆ నెల కలెక్షన్ ఎగురుతుంది. 2024 జనవరి వంతుకు వచ్చింది ఒక్క 1వ తేదీ మాత్రమే. ఈ నాలుగేళ్ల జనవరులనూ కళ్లు మూసుకుని కలిపితే వచ్చే సగటు ఏ జనవరికీ సరిపోదు.

బ్రహ్మోత్సవాలదీ అదే కథ. 2022లో సెప్టెంబర్ 27న మొదలై అక్టోబర్ 5న ముగిశాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందువల్ల రెండు బ్రహ్మోత్సవాలు, సెప్టెంబర్ 18 నుంచి 26 దాకా ఏటా జరిగే సాలకట్ల, అక్టోబర్ 15 నుంచి 23 దాకా నవరాత్రి. 2024లో అక్టోబర్ 4 నుంచి 12. 2025లో సెప్టెంబర్ 24 నుంచి అక్టోబర్ 2. సెప్టెంబర్ ఒక్కదాన్నే చూడండి: ఒక ఏడాది నాలుగు రోజులు, ఒక ఏడాది తొమ్మిది, ఒక ఏడాది ఒక్కటీ లేదు, ఒక ఏడాది ఏడు. సెప్టెంబర్ 2024లో పడిపోయిందని గ్రాఫ్ చూసి మేనేజర్‌ను మందలిస్తే అది అన్యాయం.

దీనికి మూడు దారులున్నాయి. నాకు నచ్చిన క్రమంలోనే చెబుతాను.

మొదటిది, క్యాలెండర్ టేబుల్‌లో ప్రతి తేదీకీ "పండగ రోజు" అవునా కాదా అని గుర్తు పెట్టడం. ఏడాదికి ఒకసారి పంచాంగం, టీటీడీ క్యాలెండర్ పక్కన పెట్టుకుని కూర్చుంటే అరపూట పని. ఆ తర్వాత జనవరికి రెండు సగటులు చూపించొచ్చు, మామూలు రోజు సగటు ఇంత, పండగ రోజు సగటు ఇంత. వచ్చే జనవరిలో పండగ రోజులు ఎన్ని పడుతున్నాయో ముందే తెలుసు కాబట్టి అంచనా దానంతటదే తేలుతుంది. పని ఉన్నా ఇదే చేయమంటాను.

రెండోది, నెలల గీత చెరిపేయడం. బ్రహ్మోత్సవాలకు సెప్టెంబర్, అక్టోబర్ కలిపి ఒకే గుత్తిగా తీసుకోండి. ముక్కోటికి, అంటే వైకుంఠ ఏకాదశికి, డిసెంబర్ నడిమి నుంచి సంక్రాంతి దాకా, అంటే ధనుర్మాసాన్ని ఒక గుత్తిగా తీసుకోండి. వైకుంఠ ఏకాదశి ధనుర్మాసంలోనే వస్తుంది కాబట్టి ఏడాదికీ ఏడాదికీ పోలిక కుదురుతుంది. 2022లో లాగా ఆలస్యంగా వస్తే పది రోజుల్లో కొన్ని సంక్రాంతి దాటి పోతాయి, ఆ ఏడాదికి గుత్తిని కాస్త పొడిగించుకోవాలి. అధిక మాసం వచ్చిన ఏడాదికి మాత్రం రిపోర్టులో ఒక మాట రాసి పెట్టండి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది.

మూడోది పన్నెండు నెలల రోలింగ్ సగటు, అంటే ప్రతి నెలా అప్పటికి గడిచిన పన్నెండు నెలలకు తీసే సగటు. వ్యాపారం మొత్తంగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నదానికి చక్కటి గీత వస్తుంది. జనవరికి ఎంతొస్తుందన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. పైగా పన్నెండు నెలల కిటికీలో కూడా ముక్కోటి ఒకసారి రావచ్చు, రెండుసార్లు రావచ్చు, రాకపోవచ్చు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లకు తలనొప్పి వేరే రకం. తోతాపురి సీజన్ రెండు మూడు నెలలు, మిగతా కాలం క్రషింగ్ (గుజ్జు తీసే పని) ఉండదు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించిన నెల సగటు వాళ్లకు దేనికీ పనికిరాదు. నడిచిన నెలలకే సగటు తీసి, పక్కనే ఆ ఏడాది ఎన్ని రోజులు నడిచిందో చూపించాలి. కాయ ముందుగా వచ్చిన ఏడాది, ఆలస్యమైన ఏడాది నెలలు జరిగిపోతాయి కాబట్టి, సీజన్ మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెట్టి పోల్చడం ఇంకా నయం.

టూల్ దగ్గర జారే చోట్లు

పవర్ బీఐలో నేను వాడేది ఏవరేజ్‌ఎక్స్, దాని లోపల వాల్యూస్‌తో (కాలమ్‌లోని విలువలను ఒక్కోసారి చొప్పున ఇచ్చే ఫంక్షన్) ఏడాది-నెల కాలమ్, ఆ తర్వాత కలెక్షన్ మెజర్. నెల పేరు కాలమ్ ఇస్తే జనవరి వరుసలో ఒకే విలువ ఉంటుంది కాబట్టి అన్నేళ్ల జనవరుల మొత్తం సగటు వేషంలో వచ్చి కూర్చుంటుంది. ఏడాది కాలమ్ ఇస్తే జనవరి వరుస సరిగ్గానే వస్తుంది, కింద టోటల్ వరుసలో మాత్రం నెల సగటు బదులు ఏడాది సగటు పడుతుంది. ఏడాది-నెల ఇస్తే రెండు చోట్లా సరిగ్గా ఉంటుంది. మెజర్ పేరు పెట్టకుండా సమ్ అని నేరుగా రాస్తే ప్రతి నెలకూ మొత్తం అంకే తిరిగి వస్తుంది. సమ్ రాయాల్సి వస్తే చుట్టూ క్యాలిక్యులేట్ తొడగాలి. నేను మొదట్లో ఒక రాత్రంతా దీనితోనే టెన్షన్ పడ్డాను.

ఇంకోటి, స్లైసర్‌లో (రిపోర్టు మీద ఏడాది ఎంచుకునే డబ్బా) 2025 నొక్కగానే కొన్నేళ్ల సగటు కాస్తా ఒక్క ఏడాది అంకె అయిపోతుంది. ఏడాది మీద ఫిల్టర్‌ను రిమూవ్‌ఫిల్టర్స్‌తో తీసేసి, సగటుకు ఏళ్లు మీరే ఖాయం చేయండి. ఈ జనవరిని సగటుతో పోల్చేటప్పుడు ఈ జనవరి ఆ సగటులో ఉండకూడదు. ఉంటే తేడా ఎప్పుడూ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

పవర్ బీఐ లాంటిదే ఇంకో టూల్ టాబ్లోలో అయితే ఫిక్స్‌డ్ అనే ఫార్ములాతో ఏడాది, నెల వారీగా మొత్తం కట్టి, దాని మీద ఏవరేజ్. ఫిక్స్‌డ్ మామూలు ఫిల్టర్ల కంటే ముందే లెక్కేసుకుంటుంది కాబట్టి, బ్రాంచి ఫిల్టర్ పెడితే అది ఇంకా ముందే పనిచేసేలా దాన్ని కాంటెక్స్ట్‌లోకి చేర్చాలి. ఎస్‌క్యూఎల్‌లో లోపల సమ్, బయట ఏవరేజ్, అంతే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పూర్ణాంకాల కాలమ్‌కు సగటు తీస్తే దశాంశాలు ఎగిరిపోతాయి, ముందే డెసిమల్‌గా మార్చుకోండి.

డేటా అర్థమే మారిపోయిన తేదీలు

2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. జిల్లా వారీగా సేల్స్ రిపోర్టు చేసేవాళ్లకు ఆ రోజు నుంచి చిత్తూరు అన్న పేరుకు అర్థం మారిపోయింది. పాత వరుసల్లో తిరుపతి, శ్రీకాళహస్తి చిత్తూరు కింద ఉంటాయి, కొత్త వరుసల్లో ఉండవు. నెల్లూరు జిల్లాలో ఉన్న గూడూరు, సూళ్లూరుపేట కూడా అప్పుడు తిరుపతి జిల్లాలో చేరాయి. పేరు మీద సగటు తీస్తే చిత్తూరు వ్యాపారం సగం పోయినట్టు కనిపిస్తుంది. మండలం స్థాయిలో డేటా ఉంచుకుని, ఏళ్లన్నిటికీ ఇప్పటి జిల్లానే తగిలించి, అప్పుడు సగటు తీయండి.

పన్ను కూడా అంతే. రోజుకు వెయ్యి లోపు గదులకు 2022 జులై 18 నుంచి 12 శాతం జీఎస్టీ పడింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతమైంది. పన్నుతో కలిపిన బిల్లు మొత్తం మీద సగటు తీస్తే ఓనరుకు రాని డబ్బు ఆయన సగటులో చేరుతుంది. పన్నుకు ముందున్న అంకే తీసుకోండి.

మళ్లీ మా ఓనరు దగ్గరికి వస్తాను. మూడు జవాబులూ పక్కన పెట్టి, 2023 నుంచి 2025 దాకా జనవరి మొత్తాలు ఒకే వరుసలో రాసి చూపించాను. పైన చెప్పినట్టే సులువైన అంకెల్లో చెబితే 24 లక్షలు, 18 లక్షలు, 24 లక్షలు. సగటు 22. "అన్నా, ముక్కోటి పడిన జనవరికి 24, పడని జనవరికి 18. 22 అనేది మనకి ఏ జనవరిలోనూ రాలేదు" అన్నాను. ఆయన కాసేపు ఆ 18 వైపే చూశారు. ఏసీల ఖర్చు, నెలనెలా కట్టాల్సిన వాయిదా ఆ 18 మీద వేసుకుని, ఈసారికి ఎనిమిది గదులకు చాలన్నారు. డాష్‌బోర్డులో "జనవరి సగటు" అన్న డబ్బా తీసేసి, దాని చోట రెండు పెట్టాను: "జనవరి, ముక్కోటి ఉన్న ఏడాది", "జనవరి, ముక్కోటి లేని ఏడాది". కింద చిన్న అక్షరాల్లో ఏ ఏళ్లతో భాగించానో రాశాను.